నా నెత్తురు గడ్డకట్టిన ఆదివారం

ఖరగ్‌పూర్‌లో మలంచా మెయిన్ రోడ్డు మీద, మందుల దుకాణానికీ మిఠాయి కొట్టుకీ మధ్య ఉన్న చిన్న ల్యాబులో నేను పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. పొద్దున్న ఏడింటికి షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద పదిమంది ఖాళీ కడుపులతో కూర్చుని ఉంటారు. చేతికి రబ్బరు పట్టీ కట్టి, నరం వెతికి, నెత్తురు తీసి, మెషిన్లలో పెట్టి, మధ్యాహ్నానికి రిపోర్టులు ఇవ్వడం నా పని. ల్యాబులో నా పైమనిషి ఒక బెంగాలీ ఆయన. యాభై దాటాయి. అందరూ దాదా అంటారు, నేనూ అంతే. ఆయన నన్ను బోన్ అంటాడు, అంటే చెల్లెలని.

ఆ పనిలో నాకు బాగా ఇష్టమైనది నెత్తురు గడ్డకట్టే పరీక్ష. దానికో మెషిన్ ఉంది గాని, అది మొరాయించిన రోజుల్లో చేత్తోనే చేసేవాళ్లం. గోరువెచ్చని నీళ్లలో సన్న గాజుగొట్టం ఉంచి, అందులో నెత్తురు నుంచి వేరుచేసిన ద్రవం పోసి, మందు కలిపి, స్టాప్‌వాచ్ నొక్కి, గొట్టాన్ని మెల్లగా వంచుతూ చూస్తుండాలి. పల్చటి పసుపు ద్రవంలో ఉన్నట్టుండి సాలెపోగులాంటిది పుడుతుంది. అది కంటబడగానే వాచ్ ఆపాలి. కొత్తలో నాకు ఎప్పుడూ ఆలస్యమయ్యేది. దాదా పక్కన నిలబడి, "కన్ను ఆర్పకు బోన్, అది నీ కోసం ఆగదు" అనేవాడు. ఆర్నెల్లకి చెయ్యి తిరిగింది. ఖరగ్‌పూర్‌లో నా అంత బాగా ఆ పోగు పట్టేవాళ్లు లేరని కొంచెం గర్వం కూడా వచ్చింది.

అలాంటిదాన్ని, నా మొదటి కడుపు సంగతి మాత్రం నేను పట్టించుకోలేదు.

నిలబడి చేసే పని కాబట్టి కాళ్లు పొంగుతున్నాయనుకున్నాను. మైక్రోస్కోపులో చూసి చూసి తలనొప్పి వస్తోందనుకున్నాను. ఏడో నెలలో పెళ్లి ఉంగరం వేలికి బిగుసుకుపోతే సబ్బు రాసి తీసి డబ్బాలో పెట్టుకున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజున ల్యాబులో రద్దీ ఎక్కువగా ఉందని రెండుసార్లు వాయిదా వేశాను. రోజూ పదిమంది గర్భిణుల చేతులు పట్టుకుని, "బీపీ చూపించుకున్నారా దీదీ?" అని అడిగేదాన్ని నేనే. ఒక పొద్దున్న లోపల కదలిక తెలియడం లేదని గమనించాను. నర్సింగ్ హోంకి వెళ్లేసరికి బీపీ బాగా ఎక్కి ఉంది. బిడ్డ గుండె చప్పుడు దొరకలేదు. మగపిల్లాడు.

మా ఆయన గూడ్సు రైళ్లలో అసిస్టెంట్ లోకో పైలట్. నిమ్‌పురా యార్డుకి దగ్గర్లో రైల్వే క్వార్టర్సులో ఉంటాం. ఆ చిన్న పెట్టెని ఆయనే మోసుకుని సమాధుల తోటకి వెళ్లాడు. తిరిగి వచ్చాక చాలా రోజులు ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకోలేదు.

మా అత్త శ్రీకాకుళం వైపు నుంచి పద్దెనిమిదేళ్లకి పెళ్లయి ఇక్కడికి వచ్చిన మనిషి. మామయ్య పట్టాల మీద గ్యాంగులో పనిచేసి, నా పెళ్లికి ముందే పోయారు. అత్త జాకెట్లు కుడుతుంది. నోరు కొంచెం గట్టిదే. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకే నాకు ఆవిడ ముఖం చూడాలంటే భయమేసేది. నెల తరవాత ఒక మధ్యాహ్నం మిషను మీద నుంచి తల ఎత్తకుండానే మాట మొదలుపెట్టింది.

"మా అప్ప కూడా ఇలగే ఎల్లిపోనాది."

అప్ప అంటే అక్క. ఆవిడకో అక్క ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు.

"నాకప్పుడు పదకొండేళ్లు. అప్పకి తొమ్మిదో నెల. కాళ్లూ మొకమూ పొంగిపోనాయి. నీరు పట్టిందిలే, బిడ్డ పుడితే అదే పోతాదన్నారు. ఒకరోజు తలపోటు, తలపోటు అనుకుంటూనే పడిపోనాది. కాళ్లూ సేతులూ కొట్టీసుకుంది. గుర్రపువాతమన్నారు. బిడ్డా దక్కలేదు, అప్పా దక్కలేదు."

మిషను ఆగిపోయింది.

"నీ కాళ్లు నాను సూసినాను. సెప్దామనుకున్నాను. కడుపుతో ఉన్న పిల్లకి అలాటి సెడ్డమాట సెప్పకూడదనీసి ఊరుకున్నాను. సెప్పుంటే బాగున్ను."

తప్పు నాది మాత్రమే అనుకుంటూ నెలరోజులు గడిపాను. ఆవిడ కూడా అదే తప్పుని తనదిగా మోస్తోందని ఆ రోజు తెలిసింది. ఇద్దరం కలిసి ఏడ్చాం. తరవాత ఆవిడే లేచి టీ పెట్టింది.

మా డాక్టరు మేడం బెంగాలీ ఆవిడ. నాతో హిందీలో మాట్లాడతారు. ముక్తసరి మనిషి. మూడు నెలలు పోయాక నన్ను పిలిపించి కొన్ని పరీక్షలు రాశారు.

"కొందరి నెత్తురుకి ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా గడ్డకట్టే గుణం ఉంటుంది. అలాంటప్పుడు మాయలో సన్న దారులు మూసుకుపోతాయి. బిడ్డకి తిండి, గాలి సరిగ్గా అందవు. తల్లికి బీపీ కూడా రావచ్చు. నీకు ఆ గుణం ఉందో లేదో చూద్దాం" అన్నారు.

ఆ పరీక్షలు మా ల్యాబులో జరగవు. సాంపిల్ కలకత్తా పంపాలి. దాదా నా చేతి నుంచి నెత్తురు తీసి, ఐసు డబ్బాలో సర్ది, పైన నా పేరు తన చేత్తో రాశాడు. వారం తరవాత వచ్చిన కాగితంలో ఒక అంకె గీత మీద నిలబడి ఉంది. ఉందని చెప్పడానికీ లేదు, లేదని చెప్పడానికీ లేదు. పన్నెండు వారాలు ఆగి మళ్లీ చేయించాలన్నారు. ఆ పన్నెండు వారాలూ నా నెత్తురు మీద నాకే అనుమానం. కూరగాయలు కోస్తూ వేలు తెగితే, ఎంతసేపటికి ఆగుతుందోనని గోడ గడియారం చూసేదాన్ని.

రెండోసారి అంతా మామూలుగానే వచ్చింది.

"ఆ జబ్బు నీకు లేదు" అన్నారు మేడం. "కాబట్టి నెత్తురు పల్చబరిచే సూదులు రోజూ పొట్టలో పొడిపించుకోనక్కర్లేదు. అలాగని నిశ్చింతగానూ ఉండొద్దు. ఒకసారి బీపీ ఇలా ఎక్కినవాళ్లకి మళ్లీ ఎక్కే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. ఈసారి కడుపు పండిందని తెలిసిన రోజే నా దగ్గరికి రా. మొదటి నుంచీ కాపలా కాద్దాం."

ఏడాది తిరిగాక, ఒక జులై పొద్దున్న, తెలిసిన రోజే వెళ్లాను.

మూడు నెలలు నిండగానే మేడం ఒక చిన్న ఆస్పిరిన్ మాత్ర రాశారు. రాత్రి భోజనం అయ్యాక రోజూ ఒకటి. అత్త ఆ అట్టని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పింది.

"ఇది మీ మామయ్య ఏసుకున్న మాత్ర కాదేటి? గుండెజబ్బోలది. నీకెందుకిచ్చినారు?"

"నెత్తురు ఎక్కువగా గడ్డకట్టకుండా చూస్తాదంట అత్తా. బిడ్డకి నెత్తురు బాగా పారితే బీపీ వచ్చే భయం తగ్గుతాదంట. నాకులా ముందోసారి వచ్చినోళ్లకి ఇది మంచిదన్నారు మేడం."

"తగ్గుతాదా? రాదా?"

"తగ్గుతాది. రానే రాదని ఎవరూ చెప్పలేరంట."

ఆవిడ ఆలోచించి, "ఏదో ఒకటి ఉన్నాది కదా. మా అప్పకి అదీ లేదు" అని మాత్ర నా చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి ఏ రాత్రీ మరిచిపోనివ్వలేదు.

మా ఆయన బీపీ చూసే మెషిన్ కొనుక్కొచ్చాడు. డ్యూటీ మీద రెండేసి రోజులు బయట ఉండే మనిషి, కాబట్టి దాన్ని వాడడం అత్తే నేర్చుకోవాలి. ఆవిడకి చదువు పెద్దగా లేదు. కాని టేపు పెట్టి నలభై ఏళ్లుగా కొలతలు తీస్తున్న మనిషికి అంకెలు కొట్టిన పిండి. పొద్దున్న నేను ల్యాబుకి బయల్దేరే ముందు కుర్చీలో కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడనివ్వకుండా, పట్టీ కట్టి మీట నొక్కేది. వచ్చిన అంకెల్ని జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీలో రాసేది. మా వీధిలోని ఆడవాళ్ల ఛాతీ కొలతల వెనకాల నా బీపీ ఉండేది.

అంతా బాగానే సాగుతోంది. బాగా సాగడమే నాకు భయం పుట్టించింది. ఆరో నెలలో నేనో తెలివితక్కువ పని చేశాను.

ఒక మధ్యాహ్నం జనం పలచబడ్డారు. దాదా భోజనానికి తాల్‌బగీచాలోని తన ఇంటికి వెళ్లాడు. నేను షట్టరు సగం దించి, రబ్బరు పట్టీని పళ్లతో లాగి కట్టుకుని, కుడిచేత్తో ఎడమచేతి నరం గుచ్చుకున్నాను. నెత్తురులో గడ్డలు ఏర్పడి కరుగుతున్నాయా అన్నది తెలిపే పరీక్ష ఒకటుంది, డి-డైమర్ అని. దాన్ని మెషిన్లో పెట్టాను. మేడం రాయలేదు. ఎవరూ అడగలేదు. మంచి అంకె ఒకటి చూసుకుని ధైర్యంగా ఇంటికి పోదామని, అంతే.

కాగితం బయటికి వచ్చింది. అంకె పక్కన ఎర్రగా, ఎక్కువ ఉందన్న గుర్తు.

ఫ్రిజ్‌కి ఆనుకుని నేల మీద కూలబడ్డాను. కలకత్తా వాళ్లు పొరబడ్డారనుకున్నాను. మాయలో దారులు మూసుకుపోతున్నాయనుకున్నాను. లోపల బిడ్డ తన్నుతూనే ఉంది, అయినా నా కళ్లు కాగితం మీదే ఉన్నాయి. దాదా తిరిగొచ్చి, షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చి, నన్నూ కాగితాన్నీ చూశాడు.

"ఎవరిది?"

"నాదే దాదా."

ఆయన ల్యాబుకి తాళం వేసి, రోడ్డు మీద పోతున్న టోటో అనే బ్యాటరీ రిక్షాని ఆపి, నన్ను ఎక్కించుకుని మేడం దగ్గరికి తీసుకుపోయాడు.

మేడం కాగితం చూశారు. పిక్కల్లో నొప్పి ఉందా, ఒక కాలే వాచిందా, ఆయాసం వస్తోందా అని అడిగారు. లేవన్నాను. బీపీ చూశారు, బాగుంది. బిడ్డ గుండె చప్పుడు నాకూ వినిపించారు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి అడిగారు.

"ఇది ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు మేడం, నేనే" అన్నాను.

"పదకొండేళ్ల పని నీది. మెషిన్లో ఉన్న ఆ హద్దు ఎవరి కోసం పెట్టింది? కడుపుతో లేనివాళ్ల కోసం. కడుపుతో ఉన్నప్పుడు ఈ అంకె నెలనెలా పెరుగుతుంది, ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా. ఎందుకో తెలుసా? కాన్పులో మాయ ఊడినప్పుడు నెత్తురు ధారగా పోకుండా, ఒళ్లు కొన్ని నెలల ముందు నుంచే సిద్ధమవుతుంది. గడ్డకట్టే సరుకంతా పోగుచేసుకుంటుంది. నీ నెత్తురు దాని పని అది చేస్తోంది. నువ్వే దాన్ని చేసుకోనివ్వడం లేదు."

నాకు సిగ్గేసింది. ఆ వెనకే ప్రాణం లేచివచ్చింది. ఆర్నెల్లుగా దొంగని చూసినట్టు చూస్తున్నాను నా నెత్తురుని. అది నాకు తెలియకుండా నా కోసమే సర్దుకుంటోందట.

"ఇక నుంచి నీ నెత్తురు నువ్వు తీసుకోవద్దు, నీ రిపోర్టు నువ్వు చదవొద్దు" అని, మేడం దాదా వైపు తిరిగారు. "మీరు చూడండి. నేను రాసినవే చెయ్యండి. నాకే పంపండి."

"ఠీక్ హై మేడం" అన్నాడు దాదా.

ఆ మాట నిలబెట్టుకోవడం నాకు కష్టమే అయింది. రెండు వారాలకోసారి కుర్చీకి ఇటు వైపు కూర్చుని చెయ్యి చాపేదాన్ని. ఆయన నెత్తురు తీసుకుని, నన్ను రోడ్డవతల చాయ్ దుకాణానికి పంపేసేవాడు. నేను తిరిగొచ్చేసరికి కాగితం కవరులో అంటించి ఉండేది. "ఎలా ఉంది దాదా?" అంటే, "మేడంని అడుగు" అనేవాడు. ఇంట్లో అత్త కూడా బీపీ అంకె నాకు కనపడకుండా మెషిన్‌ని తన వైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో కోపం వచ్చేది. తరవాత్తరవాత, నిజం చెప్పాలంటే, హాయిగా ఉండేది. పెళ్లయ్యాక అంత బాగా ఎప్పుడూ నిద్రపోలేదు.

ఏడో నెలలో, పోయినసారి పిల్లాడు పోయిన వారం వచ్చింది. ఎవరం పైకి అనలేదు. ఆ వారమంతా అత్త కుట్టుపని పక్కనపెట్టి సాయంత్రాలు నా పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసేది. "అదిగో, తన్నినాది. సూడు, మళ్లీ తన్నినాది. కాళ్లు గట్టియే" అనేది. మా ఆయన డ్యూటీ నుంచి వస్తూనే గుమ్మంలోనే అడిగేవాడు, "కదుల్తన్నాదా?" అని. వారం దాటింది. ఆ ఆదివారం చర్చిలో అత్త అందరికన్నా గట్టిగా పాడింది.

ఎనిమిదో నెలలో ఒక శనివారం మామూలుగానే దాదా నెత్తురు తీసుకున్నాడు. నేను చాయ్ తాగి వచ్చేసరికి కవరు అంటించి లేదు. ఆయన ఫ్రిజ్ పక్కనున్న క్యాలెండరు కాగితం ఒకటి వెనక్కి తిప్పి పట్టుకుని నిలబడ్డాడు.

"ఇలా రా బోన్. ఈ రోజు నువ్వు చూడాలి."

క్యాలెండరు వెనకవైపు పెన్సిలుతో నాలుగు అంకెలు వరసగా రాసి ఉన్నాయి. నా ప్లేట్‌లెట్లు. నెత్తురు గడ్డకట్టాలంటే ముందు చేరేవి అవే. మొదటిది రెండు లక్షల అరవై వేలు. తరవాత రెండు లక్షల ఇరవై. తరవాత లక్షా తొంభై. ఈ రోజుది లక్షా యాభై అయిదు. మెషిన్ ఇచ్చిన కాగితం మీద అన్నీ నల్లగానే ఉన్నాయి. ఒక్క ఎర్రగుర్తూ లేదు.

"అన్నీ హద్దు లోపలే ఉన్నాయి కదా దాదా" అన్నాను.

"మెషిన్ ఈ రోజు అంకె ఒక్కటే చూస్తుంది. నిన్నటిది దానికి గుర్తుండదు. నాకు గుర్తుంది. దిగుతున్నాయి. పద, మేడం దగ్గరికి."

"పోయినసారి ఇలాగే ఉత్త పుణ్యానికి పరిగెత్తించాను మిమ్మల్ని. మేడం నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే తిరిగొచ్చేటప్పుడు రసగుల్లాలు తిందాం."

ఆయన నా లెక్కలు అలా దాచి ఉంచాడని నాకు అప్పటిదాకా తెలియదు. చాయ్‌కి పంపించేసి, ప్రతిసారీ ఒక అంకె రాసుకున్నాడన్నమాట.

మేడం నవ్వలేదు. దాదా చింపి తెచ్చిన క్యాలెండరు కాగితం బల్ల మీద పరిచి చూశారు. బీపీ చూశారు. పొద్దున్న అత్త చూసినదానికన్నా బాగా పెరిగింది. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. ఇంటికి వెళ్లనివ్వకుండా అక్కడే చేర్చుకున్నారు. బీపీ తగ్గే మాత్రలు మొదలుపెట్టారు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికని నాకు ఒక ఇంజెక్షను వెంటనే, రెండోది మర్నాడని చెప్పారు.

"మంచి సమయానికి వచ్చారు" అన్నారు దాదాతో. ఆ ఒక్క మాట విని నా దడ సగం తగ్గింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్న నుంచి నుదురు మీద పోటు మొదలైంది. నేను చెప్పకముందే అత్త నా ముఖం చూసి కనిపెట్టేసింది. "తలపోటేటి? సెప్పు. దాచకు. ఈసారి దాచకు" అంటూ నర్సుని కేకేసింది. మేడం వచ్చి చూసి, నా మంచం మీదే కూర్చున్నారు.

"బీపీ మాత్రలకి లొంగడం లేదు. రెండో ఇంజెక్షను ఇచ్చేస్తాం. ఆ తరవాత బిడ్డని బయటికి తీసేద్దాం. చిన్నగా ఉంటుంది, కొన్నాళ్లు నర్సరీలో పెట్టాలి. అయినా ఇద్దరికీ ఇదే మంచిది. ప్లేట్‌లెట్లు దిగాయి కాబట్టి, వెన్నులో నెత్తురు చిమ్మకుండా మత్తు ఇవ్వాలంటే మాత్రం నీ నెత్తురు సరిగ్గా గడ్డకడుతోందని ముందు తెలియాలి."

ఆదివారం మా ల్యాబు మూసి ఉంటుంది. దాదాకి ఫోన్ చేశారు. ఆయన సైకిలు మీద ఇరవై నిమిషాల్లో వచ్చాడు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. మా ఆయన అప్పటికి గూడ్సు మీద టాటానగర్ వైపు ఉన్నాడు. బండి నడిపేటప్పుడు ఫోన్ ఆపేయాలి. డ్యూటీలు వేసే లాబీ వాళ్లకి కబురు చెప్పాం.

దాదా నా నెత్తురు రెండు మూత గొట్టాల్లోకి తీసుకున్నాడు. తరవాత జేబులోంచి ఉత్త గాజుగొట్టం ఒకటి తీసి అందులోకీ కొంచెం పట్టాడు.

"లెక్కలన్నీ ల్యాబులో తేలాలంటే గంట పడుతుంది. ఈ గంటంతా నువ్వు అక్కర్లేనివి ఆలోచిస్తావు, నాకు తెలుసు. అందుకని ముందు ఇది చూద్దాం" అని, ఆ గొట్టం చల్లబడకుండా గుప్పిట్లో మూసుకుని నా మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

ముగ్గురం ఆ గుప్పిటనే చూస్తున్నాం. అత్త పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోంది. ఇక్కడికి వచ్చిన ఇన్నేళ్లలో ఆవిడ ఆదివారం చర్చికి పోకపోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

కొన్ని నిమిషాలకి గుప్పిట విప్పి గొట్టం వంచాడు. నెత్తురు ఒక పక్కకి జారింది. మళ్లీ మూశాడు. ఇంకాసేపటికి వంచాడు. ఈసారి మెల్లగా, తేనెలా కదిలింది. మళ్లీ మూశాడు. మూడోసారి వంచాడు. కదల్లేదు. ఇంకా వంచాడు. చివరికి గొట్టాన్ని పూర్తిగా తలకిందులు చేసి నా ముఖం ముందు పట్టుకున్నాడు. ఒక్క చుక్క రాలలేదు.

"చూశావా బోన్" అన్నాడు.

ఎన్ని వందల గొట్టాలు వంచి ఉంటానో లెక్కలేదు. ఏ ఒక్కదాన్నీ అంత ప్రేమగా చూడలేదు. పైకే నవ్వేశాను.

"ఏటది? ఏటయింది?" అని అత్త కంగారు పడింది.

"గడ్డకట్టింది అత్తా! నా నెత్తురు బాగా గడ్డకట్టింది."

ఆవిడ నన్నూ దాదానీ మార్చి మార్చి చూసింది. "ఇన్నాళ్లూ గడ్డకడతాదేమోననీసి బయపడి సచ్చినావు. ఇప్పుడు గడ్డకట్టిందనీసి నవ్వుతన్నావేటి!"

దాదాకి తెలుగు రాదు. నేను ఆ మాటని బెంగాలీలో చెప్తే ఆయన కూడా నవ్వి, గొట్టం జేబులో పెట్టుకుని మిగతా లెక్కలు చూడడానికి సైకిలెక్కాడు. గంటలో ఫోన్ చేశాడు. ప్లేట్‌లెట్లు ఇంకొంచెం దిగాయి గాని ఆపరేషనుకి సరిపోతాయి. మిగతావి బాగున్నాయి.

మధ్యాహ్నం మూడు దాటాక మా అమ్మాయి పుట్టింది. నా నడుము కింద అంతా మొద్దుబారి ఉంది, పైన పెద్ద లైటు. ఒక నిమిషం ఏ చప్పుడూ లేదు. తరవాత పిల్లికూన అరిచినట్టు సన్నటి ఏడుపు. పిల్లల డాక్టరు దాన్ని గుడ్డలో చుట్టి నా చెంపకి ఆనించి, వెంటనే నర్సరీకి తీసుకుపోయాడు. రెండు కిలోలకి కొంచెం తక్కువ. ముఖం చూశానో లేదో కూడా గుర్తులేదు. చెంప మీద ఆ వెచ్చదనం గుర్తుంది.

సాయంత్రం మా ఆయన డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. నర్సరీ తలుపు దగ్గర చేతులు కడుక్కోమంటే మూడుసార్లు కడుక్కున్నాడట. అద్దంలోంచి చూసి, నా దగ్గరికి వచ్చి, నా పాదాలు పట్టుకున్నాడు. "వాపు దిగుతున్నాదా?" అన్నాడు చివరికి.

బిడ్డ పుట్టినంత మాత్రాన బీపీ వెంటనే దిగదని, కొన్ని రోజులు ఇంకా జాగ్రత్త కావాలని మేడం ముందే చెప్పారు. నిజంగానే రెండు రోజులు భయపెట్టింది. నాలుగో రోజుకి తలపోటు పోయింది, ప్లేట్‌లెట్లు పైకి ఎక్కడం మొదలుపెట్టాయి. ఆ కబురు దాదాయే తెచ్చాడు, రసగుల్లాల కుండతో.

బిడ్డ పదమూడు రోజులు నర్సరీలో ఉంది. రోజుకి కొన్ని గంటలు దాన్ని ఒంటికి ఆనించుకుని కూర్చోమనేవారు, తల్లి గానీ తండ్రి గానీ. మా ఆయన చొక్కా విప్పి, గుండెల మీద దాన్ని పడుకోబెట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా కూర్చునేవాడు. గూడ్సు బండి నడిపేవాడికి అంత నెమ్మది ఎక్కడిదోనని నర్సులు నవ్వుకునేవారు. రోజూ బరువు చూసి చెప్పేవారు. ఇరవై గ్రాములు, పదిహేను గ్రాములు, ఒకరోజు ఏకంగా నలభై. అత్త ఆ అంకెలు కూడా కొలతల పుస్తకంలో రాసింది.

ఆరు వారాలకి మేడం దగ్గరికి ముగ్గురం వెళ్లాం, బిడ్డతో నలుగురం. నా బీపీ మామూలుకి వచ్చింది. మాత్రలు ఆపేశారు. ఏడాదికోసారైనా బీపీ, మూత్రం చూపించుకోవాలని, ఇలా వచ్చినవాళ్లు వయసు మీదపడ్డాక కూడా గుండె విషయంలో జాగ్రత్తగా ఉండాలని చెప్పారు. నేను తలూపాను. ఈసారి వాయిదా వెయ్యనని నాకు తెలుసు.

మేడం బిడ్డ అరికాలి మీద వేలితో నిమిరి, అత్త వైపు చూసి అడిగారు. "ఏమంటారు మాతాజీ? ఇంకో మనవడో మనవరాలో కావాలంటారా?"

అత్త తనకొచ్చిన బెంగాలీ, హిందీ, తెలుగు అన్నీ కలిపేసి జవాబు చెప్పింది. "ఆగండి దీదీ, ఆగండి. ముందు ఈ గుంటని పెరగనీండి. దీనికి జాకెట్టు కొలత తీసేదాకా నాను బతకాల."

మేడం అంత గట్టిగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. బిడ్డ ఆ నవ్వుకి ఉలిక్కిపడి, ఏడుద్దామా వద్దా అని కాసేపు ఆలోచించి, నా వేలు పట్టుకుని మళ్లీ నిద్రపోయింది.